చూపులేనివాళ్లకి దారి చెప్పే ఫోన్: ఏ యాప్ ఎంతవరకు తోడొస్తుంది?

గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్న ఒక కుర్రాడు కిందటి నెల ఫోన్ చేశాడు. అతనికి అస్సలు చూపు లేదు. సొంతూళ్లో కర్ర పట్టుకుని ఎక్కడికైనా ఒక్కడే వెళ్లొచ్చేవాడు. గుంటూరు వచ్చాక మాత్రం హాస్టల్ నుంచి కోచింగ్‌కి, కోచింగ్ నుంచి మెస్‌కి ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే వెళ్తున్నాడు. ఆ ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తే ఆ పూట భోజనం కూడా ఆలస్యమే. "అన్నా, ఒక్క మంచి యాప్ పేరు చెప్పండి, కూర్చుని నేర్చేసుకుంటా" అన్నాడు.

నాకు చూపు పోయి పన్నెండేళ్లయింది. ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మొదట్లో నేనూ వెంటనే ఏదో ఒక పేరు చెప్పేసేవాణ్ని. వాళ్లు దాన్ని వేసుకుని, రెండు రోజులు నడిచి, దారి తప్పి, ఇంక ఫోన్‌ని నమ్మేది లేదని తీసి పక్కన పెట్టేసేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. యాప్ తప్పు కూడా చాలాసార్లు ఉండేది కాదు. ఆ యాప్ చెయ్యని పనిని దాంతో చేయించాలని చూడటం దగ్గరే చిక్కంతా వచ్చేది. ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

కళ్లున్న మనిషి నడిచేటప్పుడు నాలుగు పనులు ఒకేసారి జరిగిపోతుంటాయి. తాను ఎక్కడున్నాడో తెలుస్తుంటుంది. వెళ్లాల్సిన చోటు ఏ దిక్కున ఉందో తెలుస్తుంటుంది. ఎక్కడ తిరగాలో తెలుస్తుంటుంది. కాలికింద ఏముందో కనిపిస్తుంటుంది. నాలుగూ కలిసే వస్తాయి కాబట్టి వేరువేరు పనులని వాళ్లకి అనిపించదు. మనకి మాత్రం అవి నాలుగు విడివిడి ప్రశ్నలు. ఒక్కో యాప్ వాటిలో ఒకటో రెండో ప్రశ్నలకి మాత్రమే జవాబు చెబుతుంది. నాలుగో ప్రశ్నకి, అంటే కాలికింద ఏముందో చెప్పడానికి, ఇప్పటిదాకా కర్రని మించింది రాలేదు. యాప్ ఎంచుకునే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

ముందు ఫోన్‌కి మనం ఎక్కడున్నామో ఎలా తెలుస్తుందో చూద్దాం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సమయాన్ని రేడియో సంకేతాలుగా పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, ఏది ఎంతసేపటికి చేరిందో లెక్కకట్టి ఫోన్ తన చోటు తెలుసుకుంటుంది. ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా, యూరప్, చైనా ఉపగ్రహాలవి కూడా వాడుకుంటాయి. కొన్ని ఫోన్లలో మన దేశపు నావిక్ కూడా ఉంది. పైన ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు ఫోన్ దాదాపు ఐదు మీటర్ల తేడాలో చోటు చెప్పగలదు. ప్రకాశం బ్యారేజీ మీద నడిచినప్పుడు నా ఫోన్ ఎంత కచ్చితంగా చెబుతుందో!

వన్‌టౌన్ సందుల్లోకి రండి. అటూ ఇటూ మేడలుంటే సంకేతం నేరుగా రాదు, గోడకి తగిలి తిరిగొస్తుంది. అలా ఆలస్యంగా అందిన సంకేతంతో ఫోన్ లెక్క తప్పుతుంది. అసలు ఐదు మీటర్ల తేడా అంటేనే అక్కడ కొన్ని సందుల మొత్తం వెడల్పు. మీరు సందుకి ఎడమ పక్కన ఉన్నారో కుడి పక్కన ఉన్నారో ఫోన్‌కి తెలిసే దారి లేదు. పక్క సందులో ఉన్నారని అనుకున్నా అనుకుంటుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కిందకి వెళ్తే నెత్తిమీద కాంక్రీటు ఆకాశాన్ని మూసేస్తుంది. మీరు ఫ్లైఓవర్ మీదున్నారా కిందున్నారా అన్నది కూడా చాలాసార్లు దానికి అర్థం కాదు. ఎంత ఖరీదైన యాప్ వేసినా ఈ తేడా పోదు, ఎందుకంటే అన్ని యాప్‌లూ అదే ఫోన్‌లోని అదే చిప్‌ని అడుగుతాయి. 'ఆ యాప్ కచ్చితంగా చెబుతుంది, ఈ యాప్ చెప్పదు' అని ఎవరైనా అంటే, అవి ఏ వీధిలో నడిచి చూశారో ముందు అడగండి.

దిక్కు సంగతి వేరు. ఆగి నిలబడ్డ మనిషి ఎటు తిరిగి ఉన్నాడో ఉపగ్రహం చెప్పలేదు. దానికి ఫోన్‌లోని దిక్సూచి కావాలి. ఇనప షట్టర్లు, ఆగి ఉన్న లారీలు, ఫోన్ కవరుకి ఉండే అయస్కాంతం, ఏవైనా సరే దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. నడక మొదలుపెట్టే ముందు ఫోన్‌ని గాల్లో ఇంగ్లీషు ఎనిమిది అంకెలా రెండు మూడుసార్లు తిప్పడం నాకు అలవాటు. అయస్కాంతం ఉన్న కవరైతే తీసేయడమే మేలు.

ఇక యాప్‌ల దగ్గరికి వద్దాం. ఇవి ప్రధానంగా మూడు రకాలుగా పనిచేస్తాయి.

మొదటిది మలుపు మలుపుకీ దారి చెప్పే రకం. గూగుల్ మ్యాప్స్ అందరికీ తెలిసిందే. 2018లో దానికి తెలుగు గొంతు కూడా వచ్చింది. కానీ అది ముందు డ్రైవర్ల కోసం పుట్టిన పద్ధతి. కళ్లున్న డ్రైవరుకి 'రెండొందల మీటర్లలో ఎడమవైపు' అంటే చాలు, ఆ ఎడమ సందు అతనికి కనిపిస్తుంది. మనకి కనిపించదు. ఈ లోటు గుర్తించి 2019 అక్టోబరులో గూగుల్ నడకకి విడిగా వివరమైన మాట సాయం తెచ్చింది. సరైన దారిలోనే ఉన్నారని మధ్యమధ్యలో చెప్పడం, పెద్ద కూడలి వస్తుంటే ముందే హెచ్చరించడం, దారి తప్పితే వెంటనే చెప్పడం దాని పని. మొదట ఇంగ్లీషులో, జపనీస్‌లో వచ్చింది. మ్యాప్స్ సెట్టింగుల్లో నావిగేషన్ కింద నడకకి సంబంధించిన చోట ఇది ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. ఇలాంటిది ఒకటి ఉందని తెలియక ఏళ్ల తరబడి డ్రైవర్ల మాటలతోనే నడిచినవాళ్లు నాకు తెలుసు.

గూగుల్ మ్యాప్స్ గురించి ఇంకో మాట. నెట్ లేకుండా వాడటానికి మ్యాప్ దింపి పెట్టుకోవచ్చు కదా అని ధీమాగా ఉంటారు. దింపుకున్న మ్యాప్‌తో బండి దారి మాత్రమే వస్తుంది, నడక దారి రాదు. డేటా అయిపోయాక నడి రోడ్డు మీద దారి తప్పితే కొత్త నడక దారి రాదు. ఓస్మ్‌యాండ్ అనే యాప్‌కి ఆ ఇబ్బంది లేదు. ఎవరైనా సరిదిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మ్యాపు సమాచారాన్ని ఫోన్‌లోకి దింపుకుని, నడక దారి కూడా నెట్ లేకుండానే చెబుతుంది. మెనూలు చాలా ఎక్కువ, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో అలవాటు పడటానికి వారం పది రోజులు ఓపిక పట్టాలి. నేనైతే అది కూడా ఫోన్‌లో ఉంచుకుంటాను.

రెండో రకం మలుపులు చెప్పదు, చుట్టూ ఏముందో చెబుతూ పోతుంది. 'కుడివైపు మెడికల్ షాపు, ముందు ఫలానా రోడ్డు కూడలి' అన్నట్టుగా. చిలీ దేశంలో పుట్టిన లాజారిల్లో ఈ కోవలోది. ఉచితం, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఉంది. ఫిన్‌లాండ్‌లో తయారై 2012లో వచ్చిన బ్లైండ్‌స్క్వేర్ కూడా ఇలాంటిదే, కానీ ఐఫోన్‌కి మాత్రమే, డబ్బు పెట్టి కొనాలి. పక్కన కళ్లున్న స్నేహితుడు నడుస్తూ, బోర్డులు చదివి చెబుతున్నట్టు ఉంటుంది. ఊరితో మనిషికి పరిచయం కలిగేది ఇలాంటి వాటితోనే అని నా నమ్మకం. మలుపులు మాత్రమే విని పదేళ్లు నడిచినా, ఆ దారిలో ఏ కొట్లున్నాయో మనకి తెలియదు.

మూడో రకం నాకు ఎంతో ఇష్టం. మైక్రోసాఫ్ట్ 2018లో సౌండ్‌స్కేప్ అని ఐఫోన్‌కి ఒక యాప్ తెచ్చింది. వెళ్లాల్సిన చోటి నుంచే చప్పుడు వస్తున్నట్టు అది చెవులకి వినిపిస్తుంది. గమ్యం కుడివైపుంటే చప్పుడు కుడిచెవిలో గట్టిగా ఉంటుంది, అటు తిరిగితే ఎదురుగా వస్తుంది. గుడి గంట విని గుడి వైపు నడిచినట్టు నడవడమే. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేసింది, ఆ జూన్ చివరికి సేవ ఆపేసింది. ఆపేస్తూ దాని కోడ్ అందరికీ ఇచ్చేసింది. దాన్ని పట్టుకుని సౌండ్‌స్కేప్ కమ్యూనిటీ, వాయిస్‌విస్టా అనే యాప్‌లు ఐఫోన్‌కి వచ్చాయి. ఆండ్రాయిడ్‌కి తెచ్చే పనిని కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు చేపట్టారు. ఆ యాప్ ఆగిపోయినప్పుడు ఎంతోమంది ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకున్న చోట్లన్నీ ఏమైపోతాయోనని బెంగపడ్డారు. అందుకే ముఖ్యమైన చోట్లని ఒకే యాప్‌లో పెట్టి ఊరుకోవద్దంటాను. రెండో చోట కూడా రాసి పెట్టుకోండి.

ఈ చప్పుడు రకాన్ని విజయవాడలో వాడేవాళ్లు ఒక విషయం మర్చిపోకూడదు. అది చెప్పేది దిక్కు, దారి కాదు. మన ఊళ్లో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఉన్నాయి. మీరు వెళ్లాల్సిన కొట్టు కాలువ అవతలుంటే, చప్పుడు తిన్నగా నీళ్ల మీదుగానే వస్తుంది. వంతెన మూడొందల మీటర్ల పక్కన ఉండొచ్చు. రైలు పట్టాలు అడ్డమొచ్చినా అంతే. అందుకని కాలువ గానీ పట్టాలు గానీ దాటే దారుల్లో నేను మొదట వంతెననే గమ్యంగా పెట్టుకుంటాను. అది దాటాక కొట్టుని పెట్టుకుంటాను. ఒక్కసారిగా కొట్టుకే పెట్టుకుని నడవను.

యాప్ ఏదైనా, చివరికి మన చెవిలో పడేది గొంతే. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తాయి. దారి చెప్పే యాప్ గొంతు దానికి వేరుగా ఉంటుంది. రెండూ ఒకేసారి మాట్లాడితే ఏదీ అర్థం కాదు. మలుపు దగ్గర ఆ రెండు క్షణాలే మనకి కావాల్సినవి, సరిగ్గా అప్పుడే వాట్సాప్ మెసేజ్ ఎవరు పంపారో టాక్‌బ్యాక్ చదువుతుంది. బయల్దేరే ముందు నోటిఫికేషన్లు ఆపేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో యాప్ ఎంపికంత ముఖ్యం.

తెలుగు గొంతు పెట్టాలా, ఇంగ్లీషు గొంతు పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. మ్యాపుల్లో మన వీధుల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. విదేశీ ఇంగ్లీషు గొంతు 'మొగల్రాజపురం' అంటే అది మన ఊరే అని గుర్తుపట్టడం కష్టం. భారతీయ ఇంగ్లీషు గొంతు పెట్టుకుంటే చాలావరకు నయం. ఇంట్లో పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు మాత్రం తెలుగు గొంతే పెట్టండి. పేరు కాస్త వంకరగా పలికినా, 'ఎడమవైపు తిరగండి' అన్న మాట తెలుగులో వినబడితే వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది.

మనం రోడ్డు దాటేది ట్రాఫిక్ చప్పుడు విని. చెవుల్లోకి దూరే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ ఆధారం పోతుంది. చెవిని మూయకుండా, చెవి ముందున్న చెంప ఎముక మీద ఆనుకుని వినిపించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ దొరుకుతున్నాయి. వాటికి డబ్బు చాలకపోతే ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని స్పీకర్ మీదే వినండి. ఒక చెవిలో మాత్రమే పెట్టుకునే పద్ధతి మలుపులు చెప్పే యాప్‌కి సరిపోతుంది. చప్పుడు దిక్కుని బట్టి నడిచే యాప్‌కి అది పనికిరాదు, దానికి రెండు చెవులూ కావాలి.

ఇప్పుడు చివరి పది మీటర్ల సంగతి. ఒకసారి కాగితాల పని మీద ఒక ఆఫీసుకి ఒక్కణ్నే వెళ్లాను. 'మీరు గమ్యం చేరుకున్నారు' అని ఫోన్ చెప్పింది. ఎదురుగా ప్రహరీ గోడ. గోడ వెంబడి కర్రతో తడుముకుంటూ వెళ్తే గేటు లేదు, మూత లేని కాలవ ఉంది. మ్యాపులో గుర్తు ఆ భవనం మధ్యలో పెట్టారు. దానికి దగ్గరగా ఉన్న రోడ్డు వెనకవైపుది. గేటు ముందువైపు రోడ్డు మీద ఉంది. ఎండలో అరగంట తిరిగాక ఒక పండ్ల బండి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గేటు దగ్గర దింపాడు. ఆ రోజు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత నేను చేసిన పని, లోపలికి వెళ్లి పని చూసుకుని, బయటికి వచ్చేటప్పుడు గేటు ముందు నిలబడి ఆ చోటుని నా సొంత పేరుతో ఫోన్‌లో దాచుకోవడం. ఇప్పుడు ఎప్పుడు వెళ్లినా ఫోన్ నన్ను గేటు ముందుకే తీసుకెళ్తుంది.

ఈ అలవాటు ఏ యాప్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మన చిరునామాలు 'రామాలయం ఎదురు సందు, మూడో ఇల్లు, నీలం గేటు' అన్న తరహావి. ఏ మ్యాపులోనూ ఇవి ఉండవు. ఒక్కసారి ఎవరి తోడుతోనైనా వెళ్లి, కచ్చితంగా గుమ్మం ముందు నిలబడి, చోటు దాచుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ప్లస్ కోడ్ అని ఒకటి వస్తుంది, సుమారు 14 మీటర్ల చదరానికి ఒక కోడ్. ఇంటి నంబరు లేని చోటుకి కూడా ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో స్నేహితుడికి పంపితే అతను కూడా అక్కడికే వస్తాడు.

గుమ్మం కనుక్కోవడానికి, బోర్డు చదవడానికి కెమెరా యాప్‌లు ఉన్నాయి. డెన్మార్క్‌లో పుట్టి 2015లో వచ్చిన బీ మై ఐస్‌లో వీడియో కాల్ చేస్తే కళ్లున్న వాలంటీర్ ఎవరో ఒకరు చూసి చెబుతారు. భాషల్లో తెలుగు పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సీయింగ్ ఏఐ 2017లో ఐఫోన్‌కి, 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. బోర్డులు, కాగితాలు చదువుతుంది. ఇవన్నీ నిలబడి వాడేవి. వీటిని నమ్మి రోడ్డు దాటొద్దు. ఫొటో తీసి జవాబు వచ్చేలోపు రోడ్డు మారిపోతుంది, వాలంటీర్‌కి పక్కనుంచి వచ్చే బైకు కనిపించదు. కాలికింద గుంట, తెరిచిన మ్యాన్‌హోల్, పార్కింగ్‌లో పెట్టిన స్కూటర్, ఇవి కర్రకే తెలుస్తాయి. కర్రకి అందని ఎత్తులో వేలాడే కొమ్మలు, ఏసీ డబ్బాలు, లారీ వెనక తలుపుల కోసం ఐఐటీ ఢిల్లీ వాళ్లు 2014లో స్మార్ట్‌కేన్ తెచ్చారు. మామూలు కర్రకి తగిలించే ఆ పరికరం శబ్ద తరంగాలతో అడ్డాన్ని పసిగట్టి చేతిలో వైబ్రేషన్ ఇస్తుంది. బీసెంట్ రోడ్డులో నడిచే వాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

బస్సులో, ఆటోలో ఉన్నప్పుడు లెక్క మారుతుంది, ఇక్కడ ఫోన్ బాగా పనికొస్తుంది. ఆటో ఎక్కగానే నేను బండి దారి పెట్టుకుని ఒక చెవిలో వింటాను. డ్రైవరు ఏ రోడ్డున వెళ్తున్నాడో నాకు తెలుస్తుంటుంది. ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకి ఇది తప్పకుండా నేర్పాలి, వాట్సాప్ లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి పంపడంతో కలిపి. బస్సులో దిగాల్సిన స్టాపు వచ్చిందా అని పక్కవాళ్లని పదిసార్లు అడగాల్సిన పని తప్పుతుంది. రైల్లో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంతో రైలు ఎక్కడుందో చెబుతుంది, దిగే స్టేషన్‌కి అలారం పెట్టుకోవచ్చు. విజయవాడ జంక్షన్‌లో దిగాక ప్లాట్‌ఫారం మీద మాత్రం ఏ యాప్‌కీ దారి తెలియదు. పైన కప్పు ఉంటుంది, ఉపగ్రహం అందదు. అక్కడ మనిషినే అడగాలి.

కొత్త యాప్ వేసుకున్నప్పుడు కొత్త దారిలో పరీక్షించొద్దు. కళ్లు మూసుకున్నా వెళ్లగలిగే సొంత వీధిలో, పొద్దున్నే రద్దీ లేనప్పుడు, ఒక మనిషి తోడుతో నడవండి. దారి మీకు తెలుసు కాబట్టి యాప్ ఎంత నిజం చెబుతుందో మీకే తెలుస్తుంది. మలుపు మాట మలుపు కన్నా ఎన్ని అడుగుల ముందు వస్తోంది? దాటిపోయాక వస్తోందా? తెర లాక్ చేసి జేబులో పెడితే గొంతు ఆగిపోతోందా? బటన్లన్నిటికీ పేర్లున్నాయా, 'లేబుల్ లేని బటన్' అంటోందా? గంట నడిస్తే బ్యాటరీ ఎంత తింటోంది? ఇవి చూసుకోకుండా కొత్త ఊరికి బయల్దేరితే భయం తప్పదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ ఒకసారి నడిచి చూడండి, నిన్న చదివిన బటన్ ఈరోజు చదవకపోవచ్చు.

అలా చదవకపోతే తయారుచేసినవాళ్లకి రాయడం మన హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బటన్‌కి పేరు పెట్టడం ఒక ప్రోగ్రామర్‌కి ఎంతో సేపు పట్టే పని కాదు. ఆ పేరు లేకపోతే ఒక మనిషి ఇంట్లోనే ఆగిపోతాడు.

కళ్లున్న పాఠకులకి కూడా ఒక విన్నపం. బ్లైండ్‌స్క్వేర్, ఓస్మ్‌యాండ్, సౌండ్‌స్కేప్ వారసులు, వీటన్నిటికీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారం. 2004లో మొదలైన ఆ మ్యాపుని ఎవరైనా సరిదిద్దవచ్చు. మీ వీధి పేరు, మీ సందు మలుపు, ఆసుపత్రి గేటు ఏ వైపుందో మీరు ఎక్కిస్తే మా చెవుల్లో పడుతుంది. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకుంటే, మీరు నడిచే వీధి గురించి చిన్న చిన్న ప్రశ్నలు అదే అడుగుతుంది. సాయంత్రం వాకింగ్‌లో చేసే పని అది.

బ్రాడీపేట కుర్రాడికి చివరికి ఏం చెప్పానంటే, అతనున్న పేట దేవుడిచ్చిన వరంలాంటిది. అక్కడ వీధులు లైన్లు, అడ్డరోడ్లుగా గళ్లలా ఉంటాయి. చిరునామా '4/7' అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. అతనికి మలుపులు చెప్పే గొంతు అంతగా అక్కర్లేదు. ఎన్ని అడ్డరోడ్లు దాటాడో లెక్క తెలిస్తే చాలు. అందుకని లాజారిల్లో వేసుకోమన్నాను. ఆదివారం పొద్దున హాస్టల్ స్నేహితుడితో నడిచి, రోజూ తిరిగే చోట్లని గుమ్మాల ముందు నిలబడి దాచుకోమన్నాను. అంకెలు వేస్తే గొంతు తేదీలా చదివేయొచ్చు, అందుకే పేర్లు అక్షరాల్లో రాయమన్నాను. మొత్తం ఆరు చోట్లు దాచుకున్నాడు: హాస్టల్ గేటు, కోచింగ్ మెట్లు, మెస్, జిరాక్స్ కొట్టు, ఆటోలు ఆగే మూల, పునుగులు వేసే బండి. మొన్న మెస్ నుంచే ఫోన్ చేశాడు. ఒక్కడే వచ్చాడట, దారిలో ఒక అడ్డరోడ్డు యాప్ చెప్పలేదట, కర్రకి తగిలిన మలుపుతో లెక్క సరిచూసుకున్నాడట. ఆ అడ్డరోడ్డు పేరు మ్యాపులో ఎక్కించే పని అతని స్నేహితుడికి అప్పగించాం.